పదమూడు గెలిచినా గడప దాటనివ్వలేదు

ఫ్లోరిడా రాష్ట్ర రాజధాని టల్లహాసీ. అక్కడి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు 2023లో వరసగా 13 మ్యాచ్‌లు గెలిచింది. తన కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల కూటమి) టైటిల్ కూడా గెలుచుకుంది. అయినా జాతీయ చాంపియన్‌ను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో దానికి చోటివ్వలేదు. ఆ నాలుగు జట్ల పద్ధతి 2014 నుంచి 2023 దాకా పది సీజన్లు నడిచింది. అయిదు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఒకదాన్ని ఓటమన్నది ఎరగకుండా గెలిచి కూడా బయటే నిలబడిపోయిన జట్టు ఆ పదేళ్లలో ఇదొక్కటే.

ఆట తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. పక్షానికి 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆలోపు పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. దాడి దాదాపు ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచే మొదలవుతుంది. ఎవరికి విసరాలి, ఎవరికి అందించాలి, తనే పరిగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవలసింది అతనే. ఈ వాదన అంతా ఆ ఒక్క మనిషి కాలు చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఈ మాత్రం చెప్పక తప్పలేదు.

వాదించుకున్నవాళ్లు మేనమామ, మేనల్లుడు. మామయ్య గుంటూరు నుంచి వెళ్లి టల్లహాసీలో స్థిరపడ్డాడు, రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల కంప్యూటర్ పని చూస్తాడు. అల్లుడు పక్క రాష్ట్రంలో, జార్జియా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాడు. జార్జియా పేరు గుర్తుపెట్టుకోండి, ఈ కథలో అది మళ్లీ వస్తుంది. అరుపులు తీసేసి, మాటలు మాత్రం ఇక్కడ ఉంచాను.

మామయ్య: మొదటి మ్యాచ్ నుంచి చెప్పుకొద్దాం. సెప్టెంబరు 3, ఓర్లాండో. ఎదురుగా లూసియానా స్టేట్. వాళ్లది 5వ ర్యాంకు, మనది 8. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్. దేశంలోకెల్లా గొప్ప కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఆ ఏడాది అందుకున్నది వాడే. అలాంటివాణ్ణి పెట్టుకుని వస్తే 45-24తో పంపించాం. మనవాడు కియాన్ కోల్మన్ ఒక్కడే మూడు టచ్‌డౌన్లు (గోల్ గీత చేరితే వచ్చే స్కోర్లు) పట్టాడు.

అల్లుడు: మనది, పంపించాం అంటున్నావు. నువ్వు చదివింది ఏసీ కాలేజీలో కదా మామయ్యా.

మామయ్య: ఇంటి పన్ను కట్టేది ఈ ఊళ్లోరా. శనివారం మ్యాచ్ ఉందంటే మా వీధిలోంచి కారు బయటికి తీయలేను. ఆ మాత్రం మనది అనుకునే హక్కు లేదా? సరే, విను. సెప్టెంబరు 23, క్లెమ్సన్ గడ్డ మీద. 2014 తర్వాత వాళ్ల మీద మనకు గెలుపన్నదే లేదు. ఓవర్‌టైమ్‌లో 31-24.

అల్లుడు: క్లెమ్సన్ కిక్కర్ చివర్లో దగ్గర్నుంచి కొట్టాల్సిన బంతి బయటికి కొట్టబట్టి ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. దానికి ముందు వారం బోస్టన్ కాలేజీ మీద 31-29. ఆ సీజన్‌లో బోస్టన్ కాలేజీ ఎవరికీ పెద్ద భయం కాదు. నేను ఓడారనడం లేదు. 13-0 అనే అంకె లోపల ఏముందో జట్లను ఎంచే కమిటీ చూడాలి కదా అంటున్నా.

మామయ్య: లోపల చూడమనే నేనూ అంటున్నా. ఈ కోచ్ మైక్ నార్వెల్ 2020లో వచ్చాడు. మొదటి ఏడాది 3 గెలిచి 6 ఓడాడు. రెండో ఏడాది 5-7. అందులో జాక్సన్‌విల్ స్టేట్ అనే కింది శ్రేణి జట్టు చేతిలో ఆఖరి బంతికి ఓడిపోయాడు. ఆ రాత్రి ఈ ఊరు ఊరంతా అతన్ని సామాను సర్దుకోమంది. అక్కణ్ణుంచి 2022లో 10-3కి తెచ్చాడు. ఎవరితో తెచ్చాడు? క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ లూయివిల్ వదిలేసి వచ్చిన కుర్రాడు. జేరెడ్ వర్స్ ఆల్బనీ అనే చిన్న కాలేజీలో ఆడుకుంటున్నవాడు. మరుసటి ఏడాది బ్రేడెన్ ఫిస్క్ వెస్టర్న్ మిషిగన్ నుంచి, కోల్మన్ మిషిగన్ స్టేట్ నుంచి వచ్చారు. తలో చోటి నుంచి వచ్చినవాళ్లతో కట్టిన జట్టురా అది.

అల్లుడు: బాగుంది, సినిమా తీయొచ్చు. కానీ నవంబరు 18 దగ్గరికి రా.

మామయ్య: వస్తున్నా. నార్త్ అలబామాతో మ్యాచ్. అదీ కింది శ్రేణి జట్టే. ట్రావిస్ బంతి పట్టుకుని పరిగెత్తాడు, కింద పడేశారు, ఎడమ కాలు పోయింది. బండిలో తీసుకెళ్లారు. మనవాళ్లు మొదట్లో 13-0తో వెనకబడి ఉన్నారు. ఆట అయ్యేసరికి 58-13.

అల్లుడు: నార్త్ అలబామా మీద.

మామయ్య: మరి నవంబరు 25న గెయిన్స్‌విల్‌లో ఫ్లోరిడా మీద? రెండో క్వార్టర్‌బ్యాక్ టేట్ రోడ్‌మేకర్‌తో 24-15. డిసెంబరు 2న షార్లెట్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్. రోడ్‌మేకర్‌కు తలకు దెబ్బ తగిలి ఆడనివ్వలేదు. మూడోవాడు, మొదటి ఏడాది పిల్లాడు బ్రాక్ గ్లెన్. లూయివిల్ మీద 16-6.

అల్లుడు: గ్లెన్ 21 సార్లు విసిరితే 8 చేరాయి. మొత్తం 55 గజాలు. ఆ మ్యాచ్ చూసిన ఏ మనిషైనా ఈ జట్టు మిషిగన్‌తో ఆడగలదంటాడా?

మామయ్య: అదే మ్యాచ్‌లో లూయివిల్ మొత్తం మీద ఎంత సంపాదించిందో చెప్పవేం? 188 గజాలు. మనవాడు టోఫిలీ ఒక్కడే 118 గజాలు పరిగెత్తాడు. డిఫెన్స్ గెలిపిస్తే అది గెలుపు కాదా? 2024 డ్రాఫ్ట్‌లో, అంటే ఆటగాళ్ల ఎంపికలో, ఈ జట్టు నుంచి పది మందిని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ తీసుకుంది. క్వార్టర్‌బ్యాక్ పోతే మిగతావాళ్లంతా ప్రేక్షకులనా నీ ఉద్దేశం?

(అల్లుడు ఇక్కడ కాస్త తగ్గాడు. వర్స్ మొదటి రౌండులోనే లాస్ ఏంజిలిస్ రామ్స్‌కు వెళ్లి, ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ కొత్త డిఫెన్స్ ఆటగాడయ్యాడు. ఫిస్క్ కూడా ఆ జట్టులోనే చేరాడు.)

అల్లుడు: మామయ్యా, అసలు కమిటీ ఎందుకు ఉందో అది చూడు. ఐపీఎల్ అయితే పది జట్లు, పాయింట్ల పట్టిక, పైన నాలుగు వెళ్తాయి, ఎవరినీ అడగనక్కర్లేదు. ఇక్కడ ఆ ఏడాది పై శ్రేణిలో 133 జట్లు. ఒక్కొక్కటీ 12 మ్యాచ్‌లు, ఆపైన కాన్ఫరెన్స్ ఫైనల్. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూడని జట్లు వందకు పైన. పట్టిక వేస్తే ఏమొస్తుంది? మెత్తటి ప్రత్యర్థులను ఎంచుకున్నవాడు పైకొస్తాడు. అందుకే 13 మందిని కూర్చోబెట్టారు. ఎవరితో ఆడారు, ఎదురుపడ్డప్పుడు ఎవరు గెలిచారు, కాన్ఫరెన్స్ టైటిల్ ఉందా, ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఎలా ఆడారు, ఇవన్నీ చూడమన్నారు. వీటితోపాటు ఇంకో వాక్యం కూడా రాసి ఉంది. ముఖ్యమైన ఆటగాడు గానీ కోచ్ గానీ అందుబాటులో లేకపోవడం సీజన్‌లో జట్టు ఆటను దెబ్బతీసి ఉంటే, లేదా ఇకమీదటి మ్యాచ్‌లలో దెబ్బతీసేలా ఉంటే అది కూడా చూడొచ్చు. ఇది 2023 డిసెంబరులో పుట్టించిన నిబంధన కాదు. ముందునుంచీ ఉన్నదే. ఒప్పుకుని ఆడారు.

మామయ్య: నిబంధన ఉంది, కాదనను. అయితే దాన్ని వాడిన తీరు చెప్పు. ట్రావిస్ కాలు విరిగింది నవంబరు 18న. నవంబరు 28న కమిటీ ఇచ్చిన ర్యాంకుల్లో మేము ఎక్కడున్నాం?

అల్లుడు: నాలుగు.

మామయ్య: నాలుగు! ట్రావిస్ లేడని తెలిసే నాలుగులో పెట్టారు. ఆ తర్వాత మేము ఏం చేశాం? ఇంకో మ్యాచ్ గెలిచాం, టైటిల్ తెచ్చుకున్నాం. డిసెంబరు 3న చూస్తే అయిదులో ఉన్నాం. గెలిచి దిగజారే ఆట ఇంకెక్కడైనా చూశావురా?

అల్లుడు: మీరు దిగజారలేదు, పక్కవాళ్లు ఎక్కారు. 28వ తేదీన ఎనిమిదిలో ఉన్న అలబామా డిసెంబరు 2న జార్జియాను 27-24తో ఓడించింది. మా జార్జియా అప్పటికి వరసగా 29 మ్యాచ్‌లు గెలిచి ఒకటో ర్యాంకులో ఉంది. నాకు ఎంత కడుపు మండిందో నీకేం తెలుసు! అలాంటి గెలుపుకు విలువ ఇవ్వొద్దా? టెక్సాస్ తన కాన్ఫరెన్స్ గెలిచింది. అలబామాను సెప్టెంబరు 9న దాని సొంత ఊరు టస్కలూసాలోనే 34-24తో ఓడించింది. అలబామా లోపలికొస్తే టెక్సాస్ ముందు రావాలి. మిషిగన్, వాషింగ్టన్ రెండూ 13-0. ఉన్నవి నాలుగు కుర్చీలు. అయిదుగురు నిలబడితే ఒకళ్లు నిలబడే ఉండాలి.

మామయ్య: నిలబడాల్సింది ఓడినవాడు కదా! మిషిగన్, వాషింగ్టన్, ఫ్లోరిడా స్టేట్, టెక్సాస్. లెక్క తేలిపోయింది. ఇందులో అలబామా ఎక్కడినుంచి వచ్చింది? నవంబరు 25న ఆబర్న్ మీద వాళ్ల గతేమిటో గుర్తుందా? నాలుగో అవకాశం, గీతకు 31 గజాల దూరం, అరనిమిషం ఆట మిగిలింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మిల్‌రో మూలకు విసిరితే బాండ్ పట్టుకున్నాడు. 27-24. అదే పని క్లెమ్సన్ మీద మేము చేస్తే అదృష్టం, ఆబర్న్ మీద వాళ్లు చేస్తే గుండె నిబ్బరం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

అల్లుడు: చెట్టు మంచిదైతే కాయలు కొంటారు మామయ్యా. జార్జియాను ఓడించి చూపించింది కదా అలబామా. ఫ్లోరిడా స్టేట్ ఆ వారం చూపించింది 55 గజాలు.

మామయ్య: సరే, మూడో క్వార్టర్‌బ్యాక్ సంగతే మాట్లాడదాం. 2014. ఈ ప్లేఆఫ్ పెట్టిన మొదటి ఏడాది. ఒహాయో స్టేట్‌లో మొదటివాడికి సీజన్‌కు ముందే దెబ్బ, రెండోవాడికి ఆఖరి లీగ్ మ్యాచ్‌లో దెబ్బ. మూడోవాడు కార్డేల్ జోన్స్. వాడితోనే లోపలికి రానిచ్చారు. వాడు అలబామాను 42-35తో, ఆరెగాన్‌ను 42-20తో కొట్టి కప్పు తెచ్చాడు. పైగా ఒహాయో స్టేట్ ఆ ఏడాది ఒక మ్యాచ్ ఓడిన జట్టు.

అల్లుడు: జోన్స్ మొదటి నుంచి తనే ఆడిన తొలి మ్యాచ్‌లో, కాన్ఫరెన్స్ ఫైనల్లో, విస్కాన్సిన్‌ను 59-0తో చితక్కొట్టాడు. కమిటీ ముందు సాక్ష్యం ఉంది. గ్లెన్‌కు అలాంటి తొలి మ్యాచ్ 16-6. నువ్వు తెచ్చిన ఉదాహరణ నాకే పనికొస్తోంది.

మామయ్య: అయితే ఎంత తేడాతో గెలిస్తే లోపలికి రానిస్తారో ముందే బోర్డు కట్టించాల్సింది. ఆ నిబంధనల్లోనే, ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఫలితాలు పోల్చేటప్పుడు పాయింట్ల తేడాను ప్రోత్సహించొద్దని రాసుకున్నారు. నువ్వు వల్లించిన కాగితం అదేగా?

(ఇది మామయ్య సంధించిన బాణాల్లో పదునైనది. భారీ తేడాలకు బహుమతి లేదని ఒకచోట రాసుకున్నారు. చిన్న తేడాతో గెలిచిన పిల్లాణ్ణి చూపించి తలుపు మూశారు. కమిటీ అధ్యక్షుడు బూ కారిగన్ ఆ రోజు ఇచ్చిన వివరణ సారాంశమల్లా, ట్రావిస్ లేని ఫ్లోరిడా స్టేట్ వేరే జట్టు అన్నదే.)

అల్లుడు: బలమైన నాలుగు జట్లను ఎంచమన్నారు, ఎక్కువ గెలిచిన నాలుగింటిని కాదు. రేపు పొద్దున ఎవరు ఎవరితో ఆడితే ఎవరు గెలుస్తారన్నది అంచనా కట్టడం తప్పెలా అవుతుంది? నా చదువంతా అదే. ఉన్న సమాచారంతో రాబోయేదాన్ని అంచనా వేస్తాం. ముఖ్యమైన సమాచారం ఒకటుంది, క్వార్టర్‌బ్యాక్ లేడు. దాన్ని చూడనట్టు నటించమంటావా?

మామయ్య: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆడని మ్యాచ్‌కు ఫలితం రాసేసి, ఆడిన పదమూడింటిని పక్కన పెట్టారు. ఏం, మీ అంచనాలు అంత గట్టివా? 2022 సెమీఫైనల్లో టెక్సాస్ క్రిస్టియన్ మిషిగన్‌ను ఓడిస్తుందని ఎంతమంది చెప్పారు? 51-45తో ఓడించింది.

అల్లుడు: ఫైనల్లో మా చేతిలో 65-7తో చిత్తయింది. అదీ చెప్పు.

మామయ్య: చెబుతా. ఓడింది, ఆడి ఓడింది. మైదానంలో ఓడాక ఎవడూ కోర్టుకెక్కలేదు. నేనడిగేది అదే, ఓడే అవకాశమైనా ఇవ్వండని. 2017లో ఇదే రాష్ట్రంలో, ఓర్లాండోలోని సెంట్రల్ ఫ్లోరిడా 12-0. చిన్న కాన్ఫరెన్స్ అని పిలవలేదు. అప్పుడు వాళ్లు సీజన్ ముగిశాక ఆడే బౌల్ మ్యాచ్‌లలో ఒకటైన పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను 34-27తో కొట్టారు. ఆ ఆబర్న్ ఎవరు? ఆ ఏడాది ఫైనల్ ఆడిన అలబామా, జార్జియా రెండింటినీ లీగ్‌లో ఓడించిన జట్టు. మీ అంచనాలకు ఎవరు జవాబుదారీ?

అల్లుడు: దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ సెంట్రల్ ఫ్లోరిడా ఆ రోజు గెలిచి చూపించింది. మీకూ అలాంటి అవకాశమే వచ్చింది. డిసెంబరు 30, మయామీ దగ్గర ఆరెంజ్ బౌల్. ఎదురుగా మా జార్జియా. ఎంత మామయ్యా స్కోరు?

మామయ్య: నీకు తెలుసు.

అల్లుడు: 63-3. బౌల్ మ్యాచ్‌ల చరిత్రలో అంత తేడా ఇంకెప్పుడూ లేదు. అరవై పాయింట్లు!

మామయ్య: ఆ రోజు మైదానంలో ఉన్నది ఆ జట్టు కాదురా. కోల్మన్ లేడు, వర్స్ లేడు, ట్రే బెన్సన్ లేడు, జానీ విల్సన్ లేడు. రెండో క్వార్టర్‌బ్యాక్ రోడ్‌మేకర్ వేరే కాలేజీ చూసుకుంటానని పేరిచ్చాడు. రెండు డజన్లకు పైగా ఆటగాళ్లు రాలేదు. కప్పు లేని మ్యాచ్‌లో కాలో చెయ్యో విరిగితే ఎన్‌ఎఫ్‌ఎల్ డబ్బు ఎవడిస్తాడు? కమిటీ గుమ్మంలోంచి తోసేసింది కాబట్టి వాళ్లు రాలేదు. వాళ్లు రాలేదు కాబట్టి ఓడారు. ఓడారు కాబట్టి కమిటీ చేసింది ఒప్పేనన్నారు. చక్రం బాగానే తిప్పారు.

అల్లుడు: జార్జియా కూడా ప్లేఆఫ్ పోగొట్టుకునే అక్కడికి వచ్చింది. మావాళ్లలోనూ కొందరు ఆడలేదు. కానీ ఎక్కువమంది వచ్చారు, ఆడారు.

(దీనికి మామయ్య దగ్గర్నుంచి సమాధానం రాలేదు. నాకూ తోచలేదు. కానీ అరవై పాయింట్ల ఓటమితో డిసెంబరు 3 నాటి నిర్ణయాన్ని సమర్థించడం వరస తప్పిన పని. నిర్ణయం తీసుకున్న రోజున కమిటీకి తెలిసిందేమిటో దాన్నిబట్టే అది ఒప్పో తప్పో చెప్పాలి.)

మామయ్య: అసలు సంగతి డబ్బురా. ప్లేఆఫ్ ప్రసారం ఎవరిది? ఈఎస్‌పీఎన్‌ది. అలబామా ఉన్న సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ మ్యాచ్‌లన్నీ 2024 నుంచి ఎవరివి? ఈఎస్‌పీఎన్‌వే. ఆ కాన్ఫరెన్స్ జట్టు లేని ప్లేఆఫ్ పదేళ్లలో ఒక్కటైనా ఉందా? లేదు. 2023లో అలబామాను తీసేస్తే మొదటిసారి ఉండేది కాదు. అర్థమైందా?

అల్లుడు: మీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌తోనూ ఈఎస్‌పీఎన్‌కే ఒప్పందం ఉంది. పైగా అప్పటి కమిటీ అధ్యక్షుడు కారిగన్ ఎవరు? నార్త్ కరోలినా స్టేట్ క్రీడా డైరెక్టర్. అది మీ కాన్ఫరెన్స్ కాలేజీయే! మీ ఇంటిమనిషే తలుపు దగ్గర ఉంటే కుట్ర ఎవరు చేసినట్టు?

(మామయ్య వాదనలో నీరసమైన భాగం ఇదే. అనుమానం ఎవరికైనా రావచ్చు. దానికి ఆధారం మాత్రం ఎవరూ చూపించలేదు. రాజకీయ నాయకులు అవకాశం వదులుకోలేదు. ఫ్లోరిడా గవర్నర్ డిశాంటిస్ కోర్టు ఖర్చులకు బడ్జెట్‌లో 10 లక్షల డాలర్లు పెడతానన్నాడు, అటార్నీ జనరల్ విచారణ అంది. అప్పుడు డిశాంటిస్ అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్నాడు.)

మామయ్య: కుట్ర మాట వదిలెయ్. నష్టం మాట చూడు. ఒక సెమీఫైనల్ చోటుకు కాన్ఫరెన్స్‌కు వచ్చేది 60 లక్షల డాలర్లు. అది చిన్నది. అసలు దెబ్బ వేరే. ఓటమి లేకుండా గెలిచినా చాలదంటే ఈ కాన్ఫరెన్స్‌లో ఉండి ఏం లాభమని డిసెంబరు 22న యూనివర్సిటీ తన కాన్ఫరెన్స్ మీదే దావా వేసింది. బయటికెళ్లాలంటే 57 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టాల్సి వస్తుందని అందులో రాశారు. 2025 మార్చిలో గానీ రాజీ కుదరలేదు. ఎంతమంది టీవీలో చూస్తారన్నదాన్నిబట్టి ఆదాయం పంచుకుంటామన్నారు.

అల్లుడు: ఆ గొడవ ప్లేఆఫ్ కంటే ముందునుంచీ ఉంది మామయ్యా. ఈ సంఘటన దానికి సాకు. ఒక్కటి అడుగుతా. 2024లో మీ జట్టు ఎన్ని గెలిచింది?

మామయ్య: రెండు.

అల్లుడు: రెండు గెలిచి పది ఓడింది. మొదటి మ్యాచ్ ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో. జార్జియా టెక్ చేతిలో 24-21. ఆ జనవరిలోనే నార్వెల్‌ను అలబామా ఎగరేసుకుపోతుందేమోనని భయపడి ఏడాదికి కోటి డాలర్లకు పైగా ఇచ్చి కొత్త ఒప్పందం రాసుకున్నారు. డబ్బు పోయింది, జట్టూ పోయింది. ట్రావిస్ లేని ఫ్లోరిడా స్టేట్ ఏమిటో ఏడాది తిరక్కుండానే తెలిసింది.

మామయ్య: ట్రావిసే కాదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిన మిగతావాళ్లూ లేని ఫ్లోరిడా స్టేట్ అది. రెంటినీ ఒక తాడుకు కట్టకు. ట్రావిస్ పేరెత్తావు కాబట్టి విను. కమిటీ నిర్ణయం వచ్చిన రోజు ఆ కుర్రాడు రాసుకున్నదేమిటో తెలుసా? తన కాలు సీజన్‌లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేది, తన ఒక్కడి మీదే ఈ జట్టు నిలబడి లేదని జనానికి తెలిసేదని. ఆటగాడు అలా అనుకునే పరిస్థితి తెచ్చింది ఎవరు? ఆ కాలు తర్వాత కూడా కుదుటపడలేదు. జెట్స్ జట్టువాళ్లు డ్రాఫ్ట్ అయిదో రౌండులో తీసుకున్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2025లో ఆట మానేశాడు.

అల్లుడు: అందుకు నాకూ బాధే. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లు.

మామయ్య: చూశావా, తప్పు తెలిసొచ్చే పెంచారు.

అల్లుడు: లేదు. పెంచాలని తేల్చింది 2022లో. మీది పాత పద్ధతికి ఆఖరి ఏడాది, అంతే.

మామయ్య: సరే, ఇదొక్కటీ చెప్పి ఊరుకుంటా. 2025 ఆగస్టు 30. టల్లహాసీకి ఎవరొచ్చారు? అలబామా! రెండు గెలిచి పది ఓడిన జట్టు మీదికి వచ్చారు. నీలాంటి అంచనాలవాళ్లు అలబామాదే అన్నారు. ఏమైంది?

అల్లుడు: 31-17. మీరు గెలిచారు.

మామయ్య: మరి?

అల్లుడు: మరి ఆ సీజన్ చివరికి మీరు 5-7. అలబామా ప్లేఆఫ్‌కు వెళ్లింది.

మామయ్య: నువ్వు మా అక్క కొడుకువి కాకపోతే భోజనం పెట్టకుండా పంపేవాణ్ణి.

ఇక నా మాట. నా ఓటు మామయ్యకే, ఆయన చెప్పిన కారణాలన్నిటికీ కాకపోయినా. టీవీ కుట్ర కథ నాకు అక్కర్లేదు. అలబామా అర్హత లేని జట్టు అని కూడా అనను. ఆ ఏడాది చాంపియన్ అయిన మిషిగన్‌ను సెమీఫైనల్లో, రోజ్ బౌల్‌లో, ఓవర్‌టైమ్ దాకా లాగి 27-20తో ఓడిన జట్టది. వాషింగ్టన్‌ను మిషిగన్ ఫైనల్లో 34-13తో ఓడించింది.

నా అభ్యంతరం అల్లుడు వల్లించిన వాక్యంతో. అందులో రెండు సగాలున్నాయి. ముఖ్యమైన ఆటగాడు లేనందువల్ల జట్టు సీజన్‌లో దెబ్బతిని ఉంటే దాన్ని పరిగణించమనేది మొదటి సగం. అది న్యాయమే. గాయాల రోజుల్లో ఓడిన ఒకటి రెండు మ్యాచ్‌లను క్షమించడానికి పనికొస్తుంది, జరిగినదాన్ని సరిగ్గా చదవడానికి పనికొస్తుంది. ఇకమీదట దెబ్బతింటుందేమో ఊహించమనేది రెండో సగం. ఓటమే లేని జట్టుకు క్షమించాల్సిందేమీ లేదు కాబట్టి, ఫ్లోరిడా స్టేట్ మీద పనిచేసింది ఈ రెండో సగమొక్కటే. ముగ్గురు క్వార్టర్‌బ్యాకులతో ఆడి ముగ్గురితోనూ గెలిచిన జట్టు అది. క్వార్టర్‌బ్యాక్ లేకపోతే ఈ జట్టు గెలవగలదా అన్న ప్రశ్నకు నవంబరు 25న ఒకసారి, డిసెంబరు 2న ఇంకోసారి మైదానంలోనే జవాబు వచ్చింది. వచ్చిన జవాబును పక్కన పెట్టి కమిటీ గదిలో ఇంకో జవాబు రాసుకుంది.

చోట్లు 12 అయినా, రేపు 16 అయినా, ఆఖరి చోటు దగ్గర ఇద్దరు నిలబడతారు. వాళ్లలో ఒకరికి ఎవరో ఒకరు గాయపడే ఉంటారు. నిబంధనలు రాసేవాళ్లు ఆ వాక్యంలోని రెండో సగాన్ని కొట్టేయాలి.